బావ ఇచ్చిన రుబీడియం

మేడ మీద యాంటెన్నా గొట్టానికి బోల్టు బిగిస్తున్న పెద్దమనిషి వెనక అడుగుల చప్పుడు విని తిరిగి చూశాడు. నీలం యూనిఫాం, భుజాన కేబుల్ చుట్ట, చేతిలో పట్టకారు. కేబుల్ కంపెనీ మనిషి.

"మేం కంప్లయింట్ ఏం ఇవ్వలేదే," అన్నాడు పెద్దమనిషి.

"పక్కింటివాళ్ళు ఇచ్చారండీ. మీ యాంటెన్నా వల్ల వాళ్ళ టీవీలో గీతలొస్తున్నాయట."

పెద్దమనిషికి నవ్వొచ్చింది. జీవితమంతా ఓడల మీద రేడియో ఆఫీసరుగా పనిచేసినవాడికి ఏ యాంటెన్నా ఏం చేస్తుందో ఒకరు చెప్పక్కర్లేదు.

"ఇది సిగ్నల్ అందుకునేదే గానీ పంపేది కాదు నాయనా. ఇటు రా, చూపిస్తా," అంటూ పిట్టగోడ మీదికి వంగాడు.

ఆ వంగడమే చాలింది. నీలం యూనిఫాం మనిషి భుజంతో ఒక్క తోపు తోశాడు.

కింద పూలకుండీలు పగిలిన చప్పుడుకి ఇరుగుపొరుగు పరిగెత్తుకొచ్చారు. మెట్లు దిగి వచ్చినవాడు వాళ్ళతో పాటు అయ్యో అన్నాడు. అంబులెన్స్‌కి ఫోన్ చేసింది కూడా వాడే.

* * *

"కాలు జారిందని రాసుకున్నారు పోలీసులు," అన్నాడు కళ్ళద్దాలాయన.

ఊరి నడిమధ్య కళ్ళద్దాల షాపు, దాని వెనక కంటి పరీక్ష గది. గోడ మీద అక్షరాల చార్టు, దాని ఎదురుగా ఎత్తు కుర్చీ. దేశ రహస్య శాఖ ముఖ్యమైన పనులన్నీ ఆ కుర్చీలోంచే మొదలవుతాయి. తెల్లకోటు వేసుకుని అద్దాలు తుడిచే ఆ పెద్దాయనే శాఖకి అధిపతి అని బయట బల్ల దగ్గర ఫ్రేములు చూపించే పిల్లకి కూడా తెలియదు.

కుర్చీలో కూర్చున్న ఏజెంటుని శాఖలో అందరూ నింపాది అంటారు. తుపాకీ గురిపెట్టినా కంగారుపడని మనిషి. కంగారు పెట్టినా కంగారుపడడు.

"ఆయన చేసిన తప్పేంటి?" అడిగాడు నింపాది.

"గ్రాఫ్ గీశాడు."

కళ్ళద్దాలాయన నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. కరెంటు గ్రిడ్, విమానాశ్రయాలు, సరిహద్దు రాడార్లు, అన్నీ నేషనల్ టైమ్ లాబరేటరీ పంపే టైము సిగ్నల్‌ని పట్టుకుని నడుస్తాయి. దేశానికి అదే శ్రుతి. పోయిన నెల ఒక మధ్యాహ్నం ఆ శ్రుతి వెంట్రుకవాసి తప్పి మళ్ళీ సర్దుకుంది. లాబరేటరీలో ఎవరూ కనిపెట్టలేదు. ఈ రేడియో ఆఫీసరు మాత్రం ఇంట్లో సొంత గడియారం పెట్టుకున్నాడు. రెండింటికీ పొత్తు కుదరలేదని గమనించి, గ్రాఫ్ గీసి తన క్లబ్బు పేజీలో పెట్టాడు. ఆ వారమే మేడ మీంచి పడ్డాడు.

"క్లబ్బంటే?"

"కాలం పిచ్చోళ్ళు. సరదాకి ఇళ్ళలో ఓసిలేటర్లు, అంటే గడియారానికి లయ ఇచ్చే పెట్టెలు, కట్టుకుంటారు. ఎవరి దాంట్లో నాయిస్, అంటే వణుకు, తక్కువ, ఎవరిది ఎక్కువ కుదురు అని పోటీలు పడతారు. మొన్నటిది రిహార్సల్. అసలు ఆట శనివారం. ఆ రోజు ఒక విదేశీ కంపెనీ ఈ క్లబ్బు వాళ్ళందరికీ ఎగ్జిబిషన్ పెట్టింది. సొంతంగా కాలాన్ని చూసుకునే పెట్టెలన్నీ ఆ హాల్లో ఉంటాయి. ఇళ్ళలో ఒక్కటీ మిగలదు."

"కాపలా కుక్కలన్నిటినీ విందుకి పిలిచి ఇల్లు దోచుకోవడం."

"అదే. ఈసారి శ్రుతి తప్పితే గ్రిడ్ కుప్పకూలుతుంది, రాడార్లకి కళ్ళు పోతాయి. ఆ కాసేపట్లో సరిహద్దు దాటి ఎవరైనా రావచ్చు. ఆ కంపెనీ ముసుగులో ఉన్న ముఠాలో మన డబుల్ ఏజెంట్ ఉంది. కోడ్ నేమ్ ముత్యం. 'మీ గడియారం స్లోగా ఉందా?' అంటుంది. 'ఎవరి గడియారంతో పోలిస్తే?' అనాలి నువ్వు."

"హాలెక్కడ?"

"టైమ్ లాబరేటరీ ఆడిటోరియం. మీ బావే ఇచ్చాడు."

ఆ మాట అంటున్నప్పుడు కళ్ళద్దాలాయన గోడ మీది చార్టు వంక చూశాడు గానీ నింపాది వంక చూడలేదు.

* * *

నింపాది బావ టైమ్ లాబరేటరీకి చీఫ్. అక్క పెళ్ళయిన కొత్తలో నింపాది ఇంకా స్కూల్లోనే ఉన్నాడు. తండ్రి లేడు. బావే అతని చేతికి మొట్టమొదట సోల్డరింగ్ ఐరన్ ఇచ్చాడు. వేలు కాలితే ఊది, నీళ్ళలో ముంచి, మళ్ళీ ఐరన్ పట్టించాడు. అతుకు గుండ్రంగా, నీటిబొట్టులా మెరవాలనేవాడు. మెరవకపోతే విప్పించి మళ్ళీ వేయించేవాడు.

ఆదివారం భోజనాలయ్యాక ఇద్దరూ మామూలుగానే వెనక గదిలో దూరారు.

"తలుపు తీసి ఉంచండి. ఆ పొగకి ఇద్దరూ దగ్గుతూ వస్తారు, మందులకి నా ప్రాణం తీస్తారు," అంది అక్క వంటింట్లోంచి.

బావ బల్ల కింద నుంచి స్టీలు లంచ్ బాక్స్ ఒకటి తీశాడు. మూత పక్కన చిన్న సాకెట్.

"నువ్వడిగిన రుబీడియం గడియారం ఇది. బ్యాటరీ మీద రోజంతా నడుస్తుంది. చెయ్యి పెట్టి చూడు."

పెట్టె గోరువెచ్చగా ఉంది.

"లోపల రుబీడియం దీపం వెలుగుతున్నంతసేపూ ఈ వేడి ఉంటుంది. చల్లబడిందా, ఇక నమ్మకు. నీకిప్పుడిది దేనికిరా?"

డ్యూటీ సంగతులు ఇంట్లో ఎవరికీ చెప్పకూడదన్నది శాఖలో మొదటి రూలు. ఆ 'ఎవరికీ'లో బావ ఉంటాడని నింపాదికి ఏనాడూ తోచలేదు.

"శనివారం నీ హాల్లో సిగ్నల్ మీద కన్నేసి ఉంచాలి బావా. ఏదో జరగబోతోంది."

బావ చాలాసేపు అద్దాలు తుడుచుకున్నాడు.

"జాగ్రత్తరా," అన్నాడు. తర్వాత ఎందుకో నవ్వాడు. "వచ్చే నెల లాబరేటరీలో నా గడియారాన్ని మ్యూజియంకి పంపిస్తున్నారు తెలుసా? విదేశాల నుంచి కొత్తవి తెప్పిస్తారట. నన్ను కూడా దాని పక్కనే అద్దాల బీరువాలో నిలబెడతారేమో."

నింపాది కూడా నవ్వాడు. ఆ నవ్వు తర్వాత చాలా రోజులు అతన్ని నిద్రపోనివ్వలేదు.

* * *

శనివారం ఉదయం ఆడిటోరియం నిండా బల్లలు, బల్లల నిండా పెట్టెలు. పిల్లల మార్కులు చెప్పుకునే తల్లిదండ్రుల్లా జనం తమ ఓసిలేటర్ల నాయిస్ అంకెలు చెప్పుకుంటున్నారు.

నింపాది తెల్లజుట్టు విగ్గు, బంగారు ఫ్రేము కళ్ళద్దాలతో లోపలికి వచ్చాడు. పాటలు ఇంకా శుభ్రంగా వినడానికి మంచి క్లాక్ వెతుక్కుంటున్న రిటైర్డ్ కాంట్రాక్టరు వేషం. చంకలో లంచ్ బాక్స్.

స్టేజీ మీద ఎర్రజాకెట్ అమ్మాయి మైకు పట్టుకుని ఉంది. మెడలో ఒంటి ముత్యం. ఆమె దిగి నడుస్తూ ఉంటే పెట్టెల్లో దూరిన తలలు పైకి లేచాయి. ఆ క్లబ్బులో అది మామూలు విషయం కాదు. నింపాది ముందుకి వచ్చి ఆగింది.

"మీ గడియారం స్లోగా ఉందా అండీ?"

"ఎవరి గడియారంతో పోలిస్తే?"

ఆమె కరచాలనం చేసి, చెయ్యి వదలకుండా గొంతు తగ్గించింది. "స్టేజీ వెనక నీలం జాకెట్ వాణ్ణి చూశారా? ఆ రోజు మేడెక్కింది వాడే. నేనున్నాను, భయం లేదు."

నింపాదికి ధైర్యంగా అనిపించింది. శత్రువుల మధ్య మనవాళ్ళొకరు ఉంటే ఆ చేతి వేడే వేరు.

ఆమె మైకులో ప్రకటించింది. "అందరూ మీ పెట్టెలని హాలు సిగ్నల్‌కి లాక్ చెయ్యండి. డిస్‌ప్లేలన్నీ ఒకేలా నడిస్తే ఫోటో బాగా వస్తుంది."

జనం ఉత్సాహంగా తీగలు కలిపారు. ఒక్క మూల బల్ల దగ్గర మాత్రం గొడవ మొదలైంది.

"నాది కలపను," అంటోంది ఒకావిడ. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి జుట్టు, చురుకైన కళ్ళు. ఊళ్ళో పెద్ద డెంటల్ క్లినిక్ ఆవిడదే. క్లబ్బులో అందరూ పళ్ళ డాక్టరమ్మ అంటారు. తన క్వార్ట్జ్ ఓసిలేటర్‌ని బ్యాటరీ తీయకుండా, కారు ముందు సీట్లో కూర్చోబెట్టి, సీటు బెల్టు కట్టి తెచ్చిందని అప్పటికే హాలంతా చెప్పుకుంటున్నారు.

"అందరూ కలిపారు మేడమ్," అన్నాడు వాలంటీరు.

"మా పిల్లకి బయటి నీళ్ళు పట్టించను. వెళ్ళు నాయనా."

నింపాది కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఆవిడ అతని వేషాన్ని పైనుంచి కిందికి చూసింది.

"మీరు పాటల బాపతా? తీగ మారిస్తే గాయకుడి జలుబు తగ్గిందంటారే, వాళ్ళేనా?"

"వాళ్ళమేనండీ. మీరెందుకు కలపనన్నారు?"

"మా రేడియో ఆఫీసరు గారు ఈ లాబరేటరీ సిగ్నల్ తప్పని గ్రాఫ్ పెట్టారు. ఆ వారమే పోయారు. రెండు మెట్లున్నా గోడ పట్టుకుని ఎక్కే మనిషి, మేడ మీంచి పడ్డారట. ఇంక ఈ సిగ్నల్ని నేనెలా నమ్మను? ఇది చూడండి."

ఆవిడ ముందున్న స్కోప్ తెర మీద రెండు అలలున్నాయి. పైది ఆవిడ ఓసిలేటర్‌ది, కిందిది హాలు సిగ్నల్‌ది. పైది కదలకుండా నిలబడి ఉంది. కిందిది తాడు వదులైన పడవలా మెల్లమెల్లగా పక్కకి జరుగుతోంది.

"పొద్దున్నుంచీ ఇదే వరస. తప్పు నాదో వాళ్ళదో తేలాలంటే మూడో గడియారం కావాలి. ఎవర్నడిగినా లాక్ చేసేశాం అంటున్నారు."

"నా దగ్గరుంది, రుబీడియం. దేనికీ కలపలేదు," అంటూ నింపాది లంచ్ బాక్స్ బల్ల మీద పెట్టాడు.

ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. తీగ తగిలించింది. తెర మీద మూడో అల లేచింది. అది హాలు సిగ్నల్‌తో చెయ్యీ చెయ్యీ కలిపి, దానితోనే జరుగుతోంది.

నింపాది ఊపిరి పీల్చుకున్నాడు. "తప్పు మీదేనండీ డాక్టరమ్మా."

ఆవిడ తెరకి మొహం ఆనించి చూసింది. పంటిలో పుచ్చు వెతికే చూపు అది.

"ఈ పెట్టె మీకెవరిచ్చారు?"

"కావలసినవాళ్ళు."

"అయితే కావలసినవాళ్ళు మిమ్మల్ని మోసం చేశారు. వేరువేరు గడియారాలు రెండు, ఎంత గొప్పవైనా, ఇలా అతుక్కుపోవు. కొంచెమైనా వణుకు తేడా ఉంటుంది. ఇది గడియారం కాదండీ. ఆ సిగ్నల్ని రేడియోలో అందుకుని తిరిగి చూపించే అద్దం."

* * *

స్టేజీ పక్కన మేకప్ గది. నింపాది తలుపు వేసి లంచ్ బాక్స్ మరలు విప్పాడు.

లోపల రుబీడియం లేదు. చవకబారు రిసీవర్ బోర్డు ఒకటి. దాని పక్కన గోరంత మైక్రోఫోను, ట్రాన్స్‌మిటర్. వారం రోజులుగా అతను అన్న ప్రతి మాటా ఎవరికో చేరింది. ఒక మూల గుడ్డ టేపు చుట్టిన రెసిస్టర్ ఉంది. దానికి ఏ పనీ లేదు, వెచ్చబడడం తప్ప.

అతుకులన్నీ గుండ్రంగా, నీటిబొట్టుల్లా మెరుస్తున్నాయి. అవి ఎవరి చేతివో అతనికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

మైక్రోఫోను తీగ తుంచి కూర్చుండిపోయాడు. వెనక తలుపు తెరుచుకుంది. ముత్యం చేతిలో పిస్తోలు ఉంది.

"చేతులు పైకెత్తండి. ఆ పెట్టెతో సహా పట్టుకోమన్నారు."

"ఎవరు?"

"కళ్ళద్దాలాయన. మిమ్మల్ని ఇక్కడికి పంపింది ముఠాని పట్టుకోడానికి కాదు. మిమ్మల్ని పట్టుకోడానికి. మన ప్లాన్లు మీ నుంచే బయటికి పోతున్నాయని రిపోర్టు. సాక్ష్యంగా మీ దగ్గర ట్రాన్స్‌మిటర్ ఉంటుందని కూడా చెప్పారు. ఉంది."

నింపాది చేతులెత్తాడు. "ఆ రిపోర్టు ఎవరిచ్చారు?"

"టైమ్ లాబరేటరీ చీఫ్."

"మా బావ. ఈ పెట్టె కట్టింది కూడా ఆయనే."

ముత్యం అతని మొహంలోకి చూసింది. ఆమె వృత్తే అబద్ధం. నిజం కనబడితే ఆమెకి వెంటనే తెలుస్తుంది, అరుదుగా కనబడేది కాబట్టి. పిస్తోలు నెమ్మదిగా కిందికి దిగింది.

"పన్నెండింటికి స్టేజీ వెనక పరికరాల రాక్‌కి తాళం వెయ్యాలని ముఠావాళ్ళు నీలం జాకెట్ వాడికి చెప్పారు. ఎందుకో నాకు చెప్పలేదు," అంది.

నింపాదికి లెక్క కుదిరింది. "హాలుకీ దేశానికీ సిగ్నల్ పంచేది ఆ రాకే. పన్నెండింటికి బావ కింద మాస్టర్ గడియారం ఉన్న క్లాక్ రూమ్‌లో టైము మారుస్తాడు. అప్పుడు ఒక్కసారిగా దూకుతుంది."

"తీగ పీకేస్తే?"

"రెండో లైను దానంతటదే అందుకుంటుంది. అదీ ఆయన చేతిలోదే. రాక్‌కి వేరే మంచి సిగ్నల్ ఇవ్వాలి. లాక్ చెయ్యని ఓసిలేటర్ ఈ బిల్డింగులో ఒక్కటే ఉంది. దాని తల్లిని ఒప్పించడం మీ పని. ఇన్‌పుట్ మారగానే బావ ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. అది ఆయన చూడకుండా ఉంచడం నా పని."

తలుపు దగ్గర ముత్యం ఆగింది. "సారీ చెప్పను. రేపు మళ్ళీ ఆర్డరొస్తే మళ్ళీ పిస్తోలు పెడతాను."

"చెప్పొద్దులెండి. ఇవాళ నిజం చెప్పింది మీరొక్కరే."

* * *

క్లాక్ రూమ్‌లో చల్లగా, నిశ్శబ్దంగా ఉంది. స్టాఫ్‌నంతా ఎగ్జిబిషన్ చూడమని పైకి పంపేసి బావ ఒక్కడే ప్యానెల్ ముందు కూర్చున్నాడు. నింపాది లోపలికి వచ్చి విగ్గు తీసి టేబుల్ మీద పడేశాడు.

బావ కుర్చీ ఇటు తిప్పాడు. ప్యానెల్ ఆయన వీపు వెనక్కి వెళ్ళింది.

"విగ్గు బాలేదురా."

"నా పేరెందుకిచ్చావు బావా?"

బావ దాచే ప్రయత్నం చెయ్యలేదు. "మీ శాఖవాళ్ళకి ఎవరో ఒకరు దొరకాలి. నువ్వైతే అక్క మొహం చూసి నోరు మూసుకుంటావు. జైల్లో పెట్టినా సరే. ఆ నమ్మకం నాకుంది."

ఆ నమ్మకాన్నే ఇన్నేళ్ళూ నింపాది ప్రేమ అనుకున్నాడు.

"రేడియో ఆఫీసరు?"

"చంపుతారని నాకు చెప్పలేదు."

"అడిగావా?"

బావ చూపు తిప్పుకున్నాడు. "నా వయసంతా పోసి కట్టానురా ఈ గడియారాన్ని. ఒక మీటింగులో, టీ తాగుతూ తాగుతూ, మ్యూజియంకి పంపేద్దాం అన్నారు. నన్ను అడగను కూడా లేదు. ఆ విదేశీ కంపెనీవాళ్ళైతే వాళ్ళ దేశంలో నా పేరు మీద లాబరేటరీ కడతామన్నారు. సాయంత్రం నాకు విమానం ఉంది."

"అక్కకి?"

"తర్వాత పిలిపిద్దామనుకున్నా."

"అనుకున్నావు."

గోడ మీద అంకెలు పన్నెండుకి దగ్గరవుతున్నాయి. బావ వీపు వెనక ఎర్ర లైటు ఇంకా వెలగలేదు.

అప్పుడే పైన పళ్ళ డాక్టరమ్మ ఓసిలేటర్‌ని రెండు చేతులా పొదువుకుని స్టేజీ వెనక్కి వచ్చింది. ఒప్పించడానికి ముత్యం చెప్పింది ఒక్క ముక్కే, రేడియో ఆఫీసరుని తోసినవాడు అక్కడే ఉన్నాడని. నీలం జాకెట్ వాడు అడ్డం వచ్చాడు. ముత్యం మైకు స్టాండు ఎత్తి వాడి దవడ మీద కొట్టింది. వాడు కింద పడ్డాడు. డాక్టరమ్మ వంగి చూసి, "ముందరివి రెండు పోయాయి. బాగానే కొట్టావమ్మాయ్," అంటూ వాణ్ణి దాటుకుని రాక్ దగ్గరికి వెళ్ళింది.

కింద బావ కుర్చీ ప్యానెల్ వైపు తిరగబోయింది.

"బావా, ఆ రెసిస్టర్ ఎందుకు పెట్టావు?"

కుర్చీ ఆగింది. "ఏది?"

"లంచ్ బాక్స్‌లో. దానికి పనేం లేదు. వెచ్చబడడం తప్ప."

బావ తల దించుకున్నాడు. "చల్లగా ఉంటే నీకు అనుమానం వస్తుందని."

"నేను చెయ్యి పెట్టి చూస్తానని తెలుసు నీకు."

"నేనే కదరా నేర్పింది."

ఆ మాటంటూనే, మొహం చూపించలేకేమో, గిర్రున తిరిగి మీట నొక్కాడు. పన్నెండు పడింది.

లైట్లు ఆరలేదు. ఏసీ ఆగలేదు. ప్యానెల్ మీద చిన్న ఎర్ర లైటు మాత్రం వెలుగుతోంది. అప్పుడే వెలిగింది. బావ దాని వంక చూశాడు. మీట మళ్ళీ నొక్కాడు. ఆయన గడియారం మాట వినేవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

"ఎవరిదిరా ఆ సిగ్నల్?"

"పైన ఒక పళ్ళ డాక్టరమ్మది."

బావ తెర మీది అలని చూశాడు. ఆ స్థితిలో కూడా ఆ కళ్ళలో మెచ్చుకోలు కనబడింది. "ఎంత నిశ్శబ్దంగా ఉందో చూడు," అన్నాడు. చేతులు తనే ముందుకి చాపాడు.

* * *

ఆ మధ్యాహ్నమంతా దేశంలో రైళ్ళు తిరిగాయి, విమానాలు దిగాయి, సరిహద్దు రాడార్లు కళ్ళు తెరుచుకునే ఉన్నాయి. అన్నీ ఒక డెంటల్ క్లినిక్ వెనక గదిలో పుట్టిన ఓసిలేటర్ శ్రుతికి నడిచాయన్న సంగతి ఎవరికీ తెలియలేదు. నీలం జాకెట్ వాడు కట్టు కట్టిన దవడతోనే ముఠా మొత్తాన్నీ పట్టిచ్చాడు. కళ్ళద్దాలాయన డాక్టరమ్మకి మెడల్ ఇస్తామన్నాడు. ఆవిడ మెడల్ వద్దని, మీవాళ్ళెవరూ తగిలి కదిలించకముందే నా పెట్టె నాకిచ్చెయ్యండి అంది.

నింపాదితో కళ్ళద్దాలాయన ఒకటే అన్నాడు. "నీ మీద అనుమానం కాదోయ్. ప్రొసీజర్."

"తెలుసండీ," అన్నాడు నింపాది. కంటి పరీక్ష గదిలోంచి బయటికి వస్తూ తలుపు మెల్లగానే వేశాడు. గోడ మీది చార్టు మాత్రం కింద పడింది.

సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాడు. అంతా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు, ఏదీ పెంచలేదు. ఆవిడ వంటింటి గడప మీద కూర్చుని, కొంగు చివర వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ వింది. విమానం టిక్కెట్టు ఒకటే కొన్నాడన్న మాట దగ్గర ఆ వేలు ఆగింది.

తర్వాత అడిగింది. "చూడ్డానికి ఎప్పుడు రానిస్తారు?"

"మంగళవారం."

"నువ్వూ రావాలి."

"నేనెందుకక్కా? నన్ను ఉరికంబం ఎక్కించబోయాడు ఆయన."

"అందుకే," అంది అక్క లేచి నిలబడి, కళ్ళు తుడుచుకుని. "రెండు చెంపలూ వాయించాలంటే నా ఒక్కదాని చెయ్యి చాలదు."